ఉప్పు తగ్గించమన్నారు, మరి టూత్‌పేస్టు సంగతేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు ఏం తినాలో, ఏం మానాలో చెప్పడం నా పని. అన్నం, కూర, పచ్చడి మాటలన్నీ అయిపోయి లేచాక చాలామంది గుమ్మం దగ్గర ఆగి అడుగుతారు: "పేస్టులో కూడా సోడియం ఉంటుందటగా, మరి దాని సంగతేంటి?" కొందరు పేస్టు డబ్బా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, వాడొచ్చా వద్దా అని అడుగుతారు. అవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మీ డాక్టరు మీకంటూ ఒక కొలత చెప్పి ఉంటే మీరు దాన్నే పాటించండి.

## ఉప్పు తగ్గించమని చెప్పిన కొత్తలో

పేస్టు డబ్బా మీద సోడియం, సోడియం అని నాలుగుచోట్ల ఉంది. ఈ పేస్టు మానేయాలా?

మానక్కర్లేదు. పేర్లు ఎక్కువ కనిపిస్తాయి గానీ వాటిలో ఉండే సోడియం చాలా తక్కువ. నురగ రావడానికి సోడియం లారిల్ సల్ఫేట్, పళ్ళు పుచ్చకుండా సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ లేదా సోడియం ఫ్లోరైడ్, తియ్యగా ఉండటానికి సోడియం శాకరిన్ వేస్తారు. మామూలు పేస్టు ఒక గ్రాము తీసుకుంటే, అంటే బ్రష్ నిండా వేసుకుంటే, ఇవన్నీ కలిసి ఇచ్చే సోడియం దాదాపు 5 మిల్లీగ్రాములు. అందులోనూ చాలా భాగం ఉమ్మేస్తారు. రోజుకు 2000 మిల్లీగ్రాముల హద్దు ఉన్న మనిషికి ఇది లెక్కలోకి రాదు. పేరు చూసి భయపడి పళ్ళు తోముకోవడం తగ్గించేవాళ్ళను చూస్తే మాత్రం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే చిగుళ్ళలో చేరిన ఇన్ఫెక్షన్ గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకీ చేసే హాని పేస్టులో సోడియం ఎన్నటికీ చేయలేదు.

ఉప్పు వేరు, సోడియం వేరా? రోజుకు ఎంత వరకు ఫర్వాలేదు?

ఉప్పులో దాదాపు 40 శాతం సోడియం. 5 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక టీస్పూను, తింటే 2 గ్రాముల సోడియం వస్తుంది. పెద్దవాళ్ళు రోజుకు ఇంతకన్నా తక్కువే తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో వేసింది, పచ్చడిలో ఉన్నది, అప్పడంలో ఉన్నది, అన్నీ కలిపే ఆ కొలత. గుండె బలహీనంగా ఉండి కాళ్ళకు నీరు పడుతున్నవాళ్ళకు డాక్టరు ఇంకా తగ్గించవచ్చు. ఉప్పు కాకుండా సోడియం వచ్చే ఇంకో దారి వంటసోడా. అందులో 27 శాతం సోడియమే. అర టీస్పూను సోడా కడుపులోకి వెళ్తే సుమారు 600 మిల్లీగ్రాములు చేరినట్టే.

ఉమ్మేసినా నోట్లోంచి ఒంట్లోకి ఇంకిపోతుందా?

రెండు నిమిషాల్లో నోటి లోపలి చర్మం పీల్చుకునేది అతి స్వల్పం. కడుపులోకి దిగినదే అసలు లెక్క. అందుకే ఏ వస్తువు గురించి అనుమానం వచ్చినా మూడు విషయాలు చూడండి. ఒకటి, అందులో సోడియం ఎంత గాఢంగా ఉంది. రెండు, ఉమ్మేస్తున్నారా, మింగుతున్నారా. మూడు, రోజుకు ఎన్నిసార్లు వాడుతున్నారు. పేస్టులో గాఢత తక్కువ, దాన్ని ఉమ్మేస్తాం, వాడేది రెండుసార్లు. చప్పరించే ఉప్పు ఉసిరికాయ సంగతి వేరు, అది మొత్తం కడుపులోకే పోతుంది.

అయితే నోటి శుభ్రతకు వాడేవాటిలో భయపడాల్సిందేమీ లేదా?

ఉంది. కానీ అది అందరూ వెతికేచోట లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సోడియం నోటి దారిన ఎక్కువగా చేరేది ఈ అలవాట్ల వల్లే: చేత్తో ఉప్పు తీసుకుని చిగుళ్ళకు రాయడం, చిక్కటి ఉప్పునీళ్ళు రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం, నోరు చేదుగా ఉందని సోడా నీళ్ళు తాగేయడం, భోజనం తర్వాత నల్ల ఉప్పు కలిపిన జీర్ణ గోళీలు చప్పరించడం. వీటి విషయంలో డబ్బా మీద సోడియం ఎంతో ఎవరం చూడం. "ఇంట్లో ఉన్నదేగా, మందు కాదుగా" అనుకుంటాం కాబట్టి డాక్టరుకు కూడా చెప్పం. పేస్టు లేబుల్‌ను భూతద్దంతో చదివే మనిషే పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన ఎండు రొయ్యలు రాత్రి కూరలో వేసుకుంటే, పేస్టు విషయంలో పడ్డ శ్రమంతా వృథా. ఒక చెంచా ఆవకాయలోనే కొన్ని వందల మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది.

## షాపులో కొనేటప్పుడు

ఉప్పు ఉన్న పేస్టు, సోడా ఉన్న పేస్టు అని ప్రత్యేకంగా అమ్ముతారు. అవి వాడొచ్చా?

ఉప్పున్న పేస్టులు మన దగ్గర బాగా వాడుకలో ఉన్నవే. సరిగ్గా ఉమ్మేసి కడుక్కునే పెద్దవాళ్ళకు వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు. సోడా ఎక్కువగా ఉన్న పేస్టుల విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. కొన్నింటిలో బరువులో సగానికి పైగా, 65 శాతం దాకా సోడానే ఉంటుంది. అలాంటి పేస్టు ఒక గ్రాములో సోడియం దాదాపు 180 మిల్లీగ్రాములు. పదో వంతు మింగినా 18 మాత్రమే, నిజమే. కానీ సగం మింగే పిల్లాడికో, ఉమ్మడం రాని పెద్దాయనకో అది ఇవ్వకూడదు. లేబుల్‌లో సాధారణంగా ఎక్కువ ఉన్న పదార్థాన్ని ముందు రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో సోడియం బైకార్బొనేట్ కనిపిస్తే, సోడియం తగ్గించాల్సిన ఇంట్లో దాని బదులు మామూలు పేస్టు తీసుకోండి.

మేం వాడేది ఆయుర్వేద పేస్టు. అందులో సోడియం అనే మాటే లేదు. ఇది మంచిదేనా?

పేర్లు మారతాయి, పదార్థం మారదు. సైంధవ లవణం, లవణం, స్వర్జికా క్షారం అని రాసి ఉంటే అవి ఉప్పూ, సోడా రకాలే. సైంధవ లవణంలో సోడియం ఉండదని చాలామంది నమ్ముతారు. అది రాతి నుంచి తీసిన ఉప్పు, అందులో అత్యధిక భాగం సోడియం క్లోరైడే. కూరలో వేసుకున్నా, పళ్ళపొడిలో కలిపినా అంతే. అయితే ఆయుర్వేద పేస్టు కూడా ఉమ్మేసేదే కాబట్టి మీకు నచ్చితే వాడుకోండి. సోడియం లేని పేస్టు అనే నమ్మకంతో మాత్రం కొనొద్దు. ఫ్లోరైడ్ ఉందో లేదో కూడా చూసుకోండి, ఇలాంటి చాలా పేస్టుల్లో అది ఉండదు.

పళ్ళు జివ్వుమంటున్నాయని సెన్సిటివిటీ పేస్టు ఇచ్చారు. అందులో పొటాషియం ఉంది. నాకు కిడ్నీ జబ్బు, పొటాషియం తగ్గించమన్నారు.

చాలా సెన్సిటివిటీ పేస్టుల్లో 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉంటుంది. ఒక గ్రాము పేస్టులో పొటాషియం 20 మిల్లీగ్రాముల లోపే. ఉమ్మేస్తే అందులో కడుపులోకి చేరేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. కొబ్బరినీళ్ళు, అరటిపండు మానమన్న మీ డాక్టరు ఈ పేస్టు మానమనరు. నిశ్చింతగా వాడండి.

తినే ప్యాకెట్ల మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు. పేస్టు మీద ఎందుకు రాయరు?

మన చట్టంలో టూత్‌పేస్టు ఆహారం కాదు, సౌందర్య సాధనాల కింద వస్తుంది. అందుకే పదార్థాల పేర్లుంటాయి గానీ పోషకాల పట్టిక ఉండదు.

అన్నీ విన్నాం. ఇంతకీ ఏ పేస్టు కొనమంటారు?

ఏ కంపెనీదైనా సరే, ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) దాటకూడదు, ఆ అంకె ట్యూబు మీద రాసి ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ దాన్నే వాడుకోవచ్చు, మింగకుండా ఉంటే చాలు. నోరు తరచూ పూస్తుంటే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు వాడి చూడండి. కొందరికి దానివల్ల పూత తగ్గుతుంది. అది నోటి పూత కోసమే తప్ప సోడియం కోసం కాదు. "సోడియం ఫ్రీ" అని ఎక్కువ ధర పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు. ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కోండి.

## రోజూ తోముకునేటప్పుడు

మా అమ్మకు ఉప్పు వేలితో రాసుకుంటే గానీ పళ్ళు తోమినట్టు ఉండదు. మానిపించాలా?

మానిపించండి, కానీ కసురుకోకుండా. పెదజాలారిపేట నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఎలా తోముకుంటారో నాకు చేసి చూపించారు. అరచేతిలో గళ్ళ ఉప్పు పోసుకుని, కాస్త బొగ్గుపొడి, నాలుగు చుక్కల ఆవనూనె కలిపి, చూపుడు వేలితో పైచిగురు మీద గట్టిగా రుద్ది, ఆ నీరు కాసేపు నోట్లోనే ఉంచుకుంటారు. ఆ అరచేతిలో ఉన్నది సులువుగా 3 గ్రాముల ఉప్పు, అంటే 1200 మిల్లీగ్రాముల సోడియం. పదో వంతు గొంతు దిగినా 120. పొద్దునా రాత్రీ చేస్తే 240, అంటే రోజు మొత్తం కోటాలో ఎనిమిదో వంతు. పైగా గళ్ళ ఉప్పు గరుకుకు పంటి పైపొర అరిగిపోయి, చిగురు కిందికి జారుతుంది. ఆమె బొటనవేలి గోరంత చోట పళ్ళ మొదళ్ళు పచ్చగా బయటపడ్డాయి. అప్పుడు పళ్ళు జివ్వుమంటాయి, దానికి మళ్ళీ ఉప్పే రాస్తారు. మెత్తటి బ్రష్, కొద్దిగా పేస్టు అలవాటు చేయండి. వేలితో రాసుకుంటే తప్ప తృప్తి లేదంటే ఆ పేస్టునే వేలితో చిగుళ్ళ మీద మెల్లగా రాసుకోమనండి.

వేపపుల్ల వాడితే సోడియం గొడవే ఉండదు కదా?

ఉండదు. వేపపుల్లలో, కానుగపుల్లలో లెక్కపెట్టాల్సిన సోడియం లేదు. నమిలి కుంచె చేసుకుని మెల్లగా తోమితే తప్పు లేదు. ఫ్లోరైడ్ అందదు కాబట్టి రాత్రిపూట పేస్టుతో తోముకోండి. నువ్వుల నూనె పుక్కిలించేవాళ్ళకూ ఇదే మాట.

మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో నోరు కడుక్కోవచ్చా?

కడుక్కోవచ్చు. తీరం వెంబడి చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పుబారాయి. నీళ్ళు ఉప్పగా తెలుస్తున్నాయంటే లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములో అంతకన్నా ఎక్కువో సోడియం ఉండి ఉంటుంది. ఒక కప్పు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేస్తే కడుపులోకి పోయేది కొద్ది మిల్లీగ్రాములే. అసలు చూడాల్సింది ఆ నీళ్ళతో వండుతున్నారా, తాగుతున్నారా అని. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నీటి కఠినత్వం (హార్డ్‌నెస్) తగ్గించడానికి అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ ప్లాంటు కాల్షియం తీసేసి దాని స్థానంలో సోడియం వదులుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్ళు సాఫ్ట్‌నర్ లోంచి వస్తే లీటరుకు దాదాపు 140 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. అందుకే ఆ ప్లాంటుకు బస్తాల కొద్దీ ఉప్పు పోస్తుంటారు. స్నానానికి, బట్టలకు అవి బాగుంటాయి. తాగడానికీ వంటకీ ఆర్‌ఓ నీళ్ళు గానీ మున్సిపల్ కుళాయి నీళ్ళు గానీ వాడండి.

మౌత్‌వాష్‌లో సోడియం ఉంటుందా?

సోడియం బెంజోయేట్, సోడియం ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా ఉంటాయి, ఉమ్మేసేవే కాబట్టి బెంగ లేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ ఇస్తే, పళ్ళు తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడండి, లేకపోతే పేస్టులోని నురగ పదార్థం దాని పని చెడగొడుతుంది. అయోడిన్ ఉన్న గోధుమరంగు గార్గిల్ మందును థైరాయిడ్, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా రోజుల తరబడి వాడకూడదు.

డయాలసిస్ వల్ల నీళ్ళు కొలిచి తాగమన్నారు. నోరు పిడచకట్టుకుపోతోంది. సోడా నీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉందని ఎవరో చెప్పారు.

వద్దు. సోడియం పెరిగితే దాహం ఇంకా పెరుగుతుంది, దాహం పెరిగితే కొలత తప్పుతుంది, రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎక్కుతుంది. విశాఖ ఎండకు, ఉక్కకు మీ కష్టం ఎంతటిదో నాకు తెలుసు. ఇవి చేసి చూడండి. చల్లటి మంచినీళ్ళు నోట్లో పోసుకుని కాసేపు తిప్పి ఉమ్మేయండి, అది మీ కొలతలోకి రాదు. ఒక ఏలక్కాయో లవంగమో బుగ్గన పెట్టుకోండి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం ఊరుతుంది. చిన్న ఐసు ముక్క చప్పరించవచ్చు, కానీ అది కరిగితే నీళ్ళే కాబట్టి కొలతలో కలుపుకోండి. పెదవులకు కాస్త వెన్నో నెయ్యో రాసుకోండి, వెన్న ఉప్పు లేనిది అయి ఉండాలి. రాత్రిపూట నోరు తెరుచుకుని నిద్రపోతున్నారేమో ఇంట్లోవాళ్ళను గమనించమనండి. నోరు ఎండితే పళ్ళు త్వరగా పుచ్చుతాయి కాబట్టి ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోముకోవడం మీకు అందరికన్నా ముఖ్యం.

అన్నం తిన్నాక నోటి రుచికి జీర్ణ గోళీ, ఉప్పు ఉసిరి వేసుకుంటాను. అవీ లెక్కేనా?

అవే అసలు లెక్క. నల్ల ఉప్పు కూడా సోడియం క్లోరైడే, కొంచెం గంధకం వాసన ఉంటుందంతే. చప్పరించిందంతా మింగుతారు. సోంపు, ఏలక్కాయ, ఉప్పు కలపని ఎండు ఉసిరి ముక్క వేసుకోండి. కడుపు ఉబ్బరానికి నీళ్ళలో పొంగే పొడి తాగే అలవాటు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఒక్క ప్యాకెట్ తోనే రోజు కోటాలో పెద్ద వాటా అయిపోతుంది.

మామగారి కట్టుడు పళ్ళు రాత్రి పొంగే బిళ్ళ వేసిన నీళ్ళలో నానబెడతాం. ఫర్వాలేదా?

ఫర్వాలేదు. ఆ బిళ్ళలో సోడా ఉంటుంది, కానీ అది గ్లాసులోనే ఉండిపోతుంది. పొద్దున కుళాయి కింద బాగా కడిగి, బ్రష్‌తో తోమి, మళ్ళీ కడిగి పెట్టుకోమనండి. ఆ నీళ్ళ గ్లాసు మంచం పక్కన వదలొద్దు, చీకట్లో మంచినీళ్ళనుకుని తాగే ప్రమాదం ఉంది.

## నోట్లో నొప్పి, వాపు వచ్చినప్పుడు

పన్ను పీకాక ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. నాకు గుండె జబ్బు. పుక్కిలించొచ్చా?

కొద్దిరోజులే అయితే పుక్కిలించొచ్చు. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళకు అర టీస్పూను ఉప్పు వేస్తే ఆ గ్లాసులో దాదాపు 1000 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పదో వంతు మింగితే 100, రోజుకు నాలుగుసార్లంటే 400. రెండు మూడు రోజులకు దీనివల్ల ముంచుకొచ్చేదేమీ లేదు, కానీ నెలల తరబడి అలవాటైతే అది చిన్న కొలత కాదు. ఉప్పు పావు టీస్పూనుకు తగ్గించండి, తల వెనక్కి వంచొద్దు, గొంతులోకి పోనివ్వకుండా పుక్కిట పట్టి మెల్లగా తిప్పండి, ఉమ్మేశాక మంచినీళ్ళతో ఒకసారి కడుక్కోండి. కాళ్ళవాపు, ఆయాసం ఉన్నవాళ్ళు ఉప్పుకు బదులు వేరేది రాయమని పళ్ళ డాక్టరును అడగండి. పీకిన రోజు మాత్రం ఏదీ పుక్కిలించకూడదు, గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది.

మామూలు ఉప్పుకు బదులు లో సోడియం ఉప్పుతో పుక్కిలిస్తే?

అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, రామిప్రిల్, లోసార్టాన్, స్పిరోనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళకు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పవచ్చు. డాక్టరు చెప్పకుండా అది వంటలోకీ వద్దు, పుక్కిలించడానికీ వద్దు. గోరువెచ్చటి మంచినీళ్ళు చాలు.

బీపీ మాత్ర మొదలుపెట్టాక చిగుళ్ళు ఉబ్బుతున్నాయి. ఎంత ఉప్పు రాసినా తగ్గడం లేదు.

మీ మాత్ర పేరు చూడండి. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ రకం మందులు కొందరిలో చిగుళ్ళను పెంచుతాయి. పళ్ళ మధ్య చిగురు బుడిపెల్లా ముందుకు వస్తుంది, తోముతుంటే రక్తం వస్తుంది. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ కూడా ఇలాగే చేస్తుంది. దీనికి ఉప్పు మందు కాదు. పైగా బీపీ కోసం ఒక పక్క మాత్ర వేసుకుంటూ, ఆ మాత్ర తెచ్చిన వాపుకు ఇంకో పక్క ఉప్పు రాసుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ముందు పళ్ళు శుభ్రం చేయించుకోండి, గార పోతే చాలామందికి వాపు తగ్గుతుంది. బీపీ డాక్టరుకు చిగుళ్ళు చూపించండి, అవసరమైతే ఆయనే వేరే మందు రాస్తారు.

పొడిదగ్గు, గొంతు గరగర వదలడం లేదు. రోజూ ఉప్పునీళ్ళు గార్గిల్ చేస్తున్నాను.

వారాల తరబడి ఉన్న పొడిదగ్గుకు ఒక కారణం బీపీ మందే కావచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొందరికి ఆగని పొడిదగ్గు తెస్తాయి, మందు మారిస్తే పోతుంది. పడుకుంటే దగ్గు, ఆయాసం పెరుగుతున్నాయంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమో చూడాలి, అప్పుడు గార్గిల్‌తో రోజులు గడపడం ప్రమాదం. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పంటి నొప్పికి మెడికల్ షాపులో మాత్ర ఇచ్చారు. అందులోనూ సోడియం ఉంటుందా?

నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే మాత్ర అయితే ఉంటుంది. పొంగే పారాసిటమాల్ ఒక్కో మాత్రలో 400 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉండవచ్చు. మామూలు పారాసిటమాల్ మాత్రలో ఈ గొడవ లేదు. కానీ పంటి నొప్పి విషయంలో నా అసలు టెన్షన్ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ గురించి. వాటిలోని సోడియం కొంచెమే గానీ, అవి ఒంట్లో ఉన్న ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు, బీపీ మందుల పని తగ్గిస్తాయి, దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు వాటిని సొంతంగా వేసుకోకూడదు. "పంటి నొప్పికి ఒక మాత్ర ఇవ్వండి" అని షాపులో అడిగేటప్పుడు "నాకు కిడ్నీ జబ్బు ఉంది" అన్న మాట కూడా చెప్పండి. ఒక్క మాటే, కానీ దానివల్ల ప్రమాదం తప్పుతుంది.

## పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు

క్లీనింగ్ చేయించుకుంటే సోడియం వెళ్తుందా?

మామూలు స్కేలింగ్ మిషన్‌లో వాడేది నీళ్ళే, దానితో ఇబ్బంది లేదు. గారమరకలు పోవడానికి కొన్నిచోట్ల గాలి, నీళ్ళతో పాటు సన్నటి పొడిని పళ్ళ మీదికి చిమ్ముతారు. ఆ పొడి చాలాసార్లు సోడియం బైకార్బొనేటే. నోరంతా ఉప్పగా అవుతుంది, గొట్టంతో ఎంత పీల్చినా కొంత మింగుడు పడుతుంది. సోడియం తగ్గించాల్సినవాళ్ళకు, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళకు ఈ పొడి వాడకుండా ఉండటం పద్ధతి. గ్లైసిన్, ఎరిథ్రిటాల్ అనే వేరే పొడులు ఉన్నాయి. కుర్చీలో కూర్చోక ముందే "నేను ఉప్పు తగ్గించాల్సిన మనిషిని, సోడా పొడి వద్దు" అని చెప్పండి. పళ్ళ డాక్టరు దగ్గర పట్టించుకోవాల్సిన సోడియం ఎక్కడుందని అడిగితే నేను ముందు దీన్నే చెబుతాను.

డయాలసిస్ మీద ఉన్నాను, పన్ను పీకించాలి. ఏ రోజు వెళ్ళాలి?

సాధారణంగా డయాలసిస్ అయిన మర్నాడు. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, మర్నాటికి దాని ప్రభావం పోతుంది, ఒంట్లో అదనపు నీరూ ఉండదు. ఉద్దానం నుంచి వచ్చి ఇక్కడ గది అద్దెకు తీసుకుని డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఊరికి వెళ్ళే తొందరలో అదే రోజు పన్ను కూడా పీకించుకోవాలనుకుంటారు. అలా చేయొద్దు. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టొద్దని చెప్పండి. గుండెలో కృత్రిమ కవాటం ఉంటే పీకే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాల్సి ఉంటుంది, ఆ విషయం దాచొద్దు. మందుల చీటీ, డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్ళండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే ఋషికొండలో, సంగివలసలో డెంటల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి, అక్కడ కనుక్కోండి.

## ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లల విషయంలో

నాన్నగారికి పక్షవాతం. ఉమ్మడం రాదు, పేస్టంతా మింగేస్తారు. ఏం చేయాలి?

ఉమ్మలేని మనిషి విషయంలో లెక్క మారుతుంది, ఎందుకంటే వేసిందంతా లోపలికే పోతుంది. పేస్టు బియ్యపు గింజంత చాలు, ఒక గ్రాములో పదో వంతు. మామూలు పేస్టు అంత మింగినా సోడియం ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. సోడా పేస్టు, ఉప్పు కలిపిన పళ్ళపొడి, మౌత్‌వాష్ వద్దు. ఆయన్ను కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, చిన్న పిల్లల మెత్తటి బ్రష్‌తో ఒక్కో వైపు తోమండి. తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డను వేలికి చుట్టి బుగ్గల లోపల, నాలుక మీద తుడవండి. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో అన్నం మెతుకులు ఉండిపోతాయి, ఆయనకు తెలియదు కూడా. అక్కడ తప్పకుండా చూడండి. పొలమారితే ఆపేసి, ఊపిరి సర్దుకున్నాక మళ్ళీ మొదలుపెట్టండి. ఇది చేసే కొడుకులకు, కూతుళ్ళకు నా నమస్కారం.

బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్ళు వాచే కిడ్నీ జబ్బు), ఉప్పు లేని భోజనం పెడుతున్నాం. తియ్యగా ఉందని పేస్టు తినేస్తున్నాడు.

మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు మీరే వేసి ఇవ్వండి. ఆ కొద్ది మింగినా సోడియం గురించి దిగులు లేదు. ట్యూబు మాత్రం అందకుండా పైన పెట్టండి. ట్యూబు పిండుకుని తింటే సోడియం కన్నా ముందు ఫ్లోరైడ్ వల్ల కడుపునొప్పి, వాంతులు వస్తాయి. అలా జరిగితే పాలు తాగించి, ట్యూబు చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వాపు పెరిగితే పేస్టు వల్లనేనా?

పేస్టు వల్ల కాదు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, చెప్పులు బిగుతైనా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా అదే రోజు డాక్టరును కలవండి. వెళ్ళేటప్పుడు ఆ వారంలో తిన్నవి, వేసుకున్న మాత్రలు, పుక్కిలించినవి, చప్పరించినవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. పంటి నొప్పికి వేసుకున్న మాత్ర పేరు అందులో మర్చిపోవద్దు.